వాకిట్లో వాలిన దసలి సీతాకోక

ఈ నెల శీర్షికలో ఎక్కువ చోటు ఒకే ఇంటికి ఇస్తున్నాను. మంచిర్యాల జిల్లా చెన్నూరు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తల్లి జూన్‌లో నాకో ఉత్తరం రాశారు. ఆమె అడిగిన జీవి బతికేదే వారం పది రోజులు. పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే జవాబు ఎందుకూ పనికిరాదని అప్పుడే విడిగా రాసి పంపాను. ఆమె మళ్లీ రాశారు, ఆ తర్వాత కూడా రాస్తూనే ఉన్నారు. ఆగస్టు మొదటి వారానికి గుడ్డు నుంచి పట్టుకాయ దాకా మొత్తం కథ నా బల్ల మీదికి చేరింది. వచ్చిన వరసలోనే ఇస్తున్నాను. ఇదే పురుగు గురించి అడిగిన మరో ఇద్దరి ప్రశ్నలు కూడా మధ్యలో కలిపాను.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మూడు రోజుల కింద, మొదటి వాన పడ్డ రాత్రి, మా వాకిట్లో లైటు కింద గోడకు ఇంత పెద్ద సీతాకోక వచ్చి వాలింది. రెక్కలు చాపితే నా జానెడు ఉంది. పసుపు రంగు. నాలుగు రెక్కల మీద నాలుగు కళ్లు. పోయిన మామయ్యే వచ్చాడని మా అత్తమ్మ దాన్ని ఎవరినీ ముట్టనివ్వడం లేదు. మా బాబు మూడో తరగతి. బెల్లం నీళ్లు పెట్టాడు, పూలు పెట్టాడు, అరటిపండు ముక్క పెట్టాడు. దేన్నీ ముట్టలేదు. ఆకలికి చచ్చిపోతుందని ఏడుస్తున్నాడు. గోడ మీద గోధుమ రంగు గింజల్లాంటివి అంటించింది. ఇది ఏమిటి? దీనికి ఏం పెట్టాలి?

జవాబు: అమ్మా, ముందు బాబుతో ఈ మాట చెప్పండి. అది ఆకలితో లేదు. ఈ దశలో దానికి తినడానికీ తాగడానికీ పనికొచ్చే నోరే ఉండదు. పురుగుగా ఉన్నప్పుడు నెల రోజులకు పైగా ఆకు తిన్నది. ఆ తిన్నదే ఇప్పుడు ఒంట్లో కొవ్వుగా దాచుకుని ఉంది. దాంతోనే ఎగరాలి, జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. ఆ నిల్వ తీరిన రోజు ఆయుష్షు కూడా తీరుతుంది. కాబట్టి బెల్లం నీళ్లు తీసేయండి. వాటికి చీమలు పడతాయి, చీమలు పట్టాయంటే మాత్రం దానికి నిజంగానే ప్రాణం మీదికి వస్తుంది.

మీ గోడ మీద ఉన్నది దసలి పట్టు పురుగు తల్లి. టస్సార్ పట్టు అని దుకాణాల్లో అంటారే, ఆ పట్టు దీనిదే. శాస్త్రంలో దీని పేరు ఆంథీరియా మైలిట్టా. మీరు సీతాకోక అన్నారు. మా నాయన మహదేవపూర్ అడవిలో ముప్పై ఏళ్లు ఈ పురుగుల్ని కాచాడు, ఆయన కూడా చివరిదాకా సీతాకోక అనే పిలిచాడు. నేను కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు మాత్ అన్నాను. సీతాకోకచిలుకకూ మాత్‌కూ తేడా తెలుసుకోవాలంటే దాని తల మీద మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసం సన్నని పుల్లలా ఉండి కొసన చిన్న గుండు ఉంటుంది. దీని మీసం పక్షి ఈకలా, రెండు వైపులా పళ్లున్న దువ్వెనలా ఉంటుంది.

ఆ మీసాన్ని ఇంకాస్త దగ్గరగా చూస్తే మగదో ఆడదో కూడా తెలుస్తుంది. ఈక సన్నగా ఉంటే ఆడది, వెడల్పుగా నిండుగా ఉంటే మగది. మగదానికి అంత పెద్ద మీసం ఎందుకంటే అది చీకట్లో వాసన పట్టి వెతుక్కుంటూ రావాలి. ఆడది పొట్ట కొసన ఒక వాసన వదులుతూ ఒకచోట కదలకుండా కూర్చుంటుంది. ఆ వాసన మన ముక్కుకు అందదు. మగది గాలికి ఎదురుగా ఎగురుతూ, మీసాలతో ఆ వాసన అందుకుంటూ దూరం నుంచి వచ్చేస్తుంది. ఆడది పొట్ట లావుగా, ఎక్కువగా పసుపు లేదా బూడిద రంగులో ఉంటుంది. మగది కాస్త చిన్నది, ఇటుక రంగుకు దగ్గరగా ఉండే గోధుమ రంగు. రంగు ఒక్కటే చూసి మాత్రం నిర్ణయించకండి, ఒక్కోసారి మోసపోతాం. మీది గుడ్లు పెట్టింది కాబట్టి అనుమానమే లేదు.

ఇక ఆ నాలుగు కళ్లు. అవి చూసే కళ్లు కావు. ఒక్కోదాని నడుమ రెక్కపొలుసులు లేని గుండ్రటి చోటు ఉంటుంది. అక్కడ రెక్క అభ్రకం ముక్కలా అవతలి వైపు కనిపించేటంత పల్చగా ఉంటుంది. చిన్నప్పుడు రాలిపోయిన రెక్క దొరికితే మా నాయన దాన్ని నా ఒకటో తరగతి వాచకం మీద పెట్టి, ఆ కిటికీలోంచి అక్షరాలు చదివించేవాడు. నాకు జంతుశాస్త్రం అక్కడే మొదలైంది. మీ సీతాకోక ఆయుష్షు తీరాక బాబుకు ఒక రెక్క అలా చూపించండి.

మీ అత్తమ్మగారు దాన్ని ఎవరినీ ముట్టనివ్వకపోవడం ఎంతో మేలు చేసింది. ఆమె మాటను నేను కాదనను. దీనికి కుట్టే ముల్లు లేదు, విషం లేదు. రెక్కల మీది పొడి కంట్లో పడితే కాస్త మంట పుట్టవచ్చు, ముట్టుకుంటే చేతులు కడుక్కుంటే చాలు. పట్టు చీరలు కొరుకుతుందని కొందరు భయపడతారు. బట్టలు కొరికేది వేరే జాతి, చాలా చిన్నది, అందులోనూ కొరికేది దాని పిల్ల.

ఒక్క పని చేయండి. ఈ రాత్రి వాకిట్లో లైటు ఆర్పేయండి. దీపం దీన్ని దారి తప్పించి ఇక్కడ కట్టి పడేసింది. చీకటి చేస్తే దాని పని అది చూసుకుంటుంది. గోడ మీద ఉన్నవి గుడ్లే. జత కట్టిన తర్వాత పెట్టినవైతే ఎనిమిది పది రోజుల్లో పొదుగుతాయి. జత కట్టకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది, అవి పొదగవు. ఎలాగూ చూద్దాం. తడి గుడ్డతో మెత్తబరచి, పల్చని అట్టముక్కతో ఒక్కొక్కటి లేపి, కాగితం మీద నీడలో ఆరబెట్టండి. గుడ్ల మీది గోధుమ రంగు బంక కడుక్కుపోతే లోపలి లేత పసుపు రంగు బయటపడుతుంది. చుట్టూ రెండు గోధుమ గీతలు కూడా కనిపిస్తాయి. బాబుకు భూతద్దం ఉంటే ఇవ్వండి.

ప్రశ్న: టీచర్ గారూ, సీతాకోక ఆరో రోజు పొద్దున గోడ కింద పడి ఉంది. మా అత్తమ్మ తులసికోట పక్కన పూడ్చింది. ఒక రెక్క బాబు దాచుకున్నాడు. మొత్తం నూట నలభై రెండు గుడ్లు లెక్క పెట్టాం. ఇవాళ తెల్లవారేసరికి సగం పైన పగిలి, నల్ల తలతో చిన్న చిన్న పురుగులు తిరుగుతున్నాయి. కొన్ని గుడ్డు పెంకునే తింటున్నాయి. మాకు జామ చెట్టు ఉంది, రేగు ఉంది. ఏం పెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండి అమ్మా, పెంకు తినడం మంచి గుర్తే. అది వాటి మొదటి ముద్ద. తెల్లవారుజామున పొదగడం కూడా వాటి పద్ధతే, ఎండ ముదరకముందే లేత ఆకు వెతుక్కుంటాయి.

వీటికి కావలసింది మద్ది ఆకు. నల్లమద్ది అయినా, తెల్లమద్ది అయినా సరే. మొదటిది మీ చుట్టుపక్కల అడవి నిండా ఉంటుంది, మొసలి వీపులా పగుళ్లు తేలిన బెరడు. రెండోది వాగుల ఒడ్డున పెరుగుతుంది, నున్నటి తెల్లటి మాను. జార్ఖండ్, ఒడిశా వైపు సాల చెట్టు మీద కూడా పెరుగుతాయి. రేగు ఆకు తింటాయి, కానీ మద్ది దొరికే చోట రేగు జోలికి పోవద్దు. జామ వద్దు.

కోసిన కొమ్మ తెచ్చి ఇంట్లో పెంచాలని చూడకండి. మామూలు పట్టు ఇచ్చే మల్బరీ పురుగు వేల ఏళ్లుగా మనిషి చేతి కింద బతికి బుట్టలో పెరగడం నేర్చుకుంది. ఇది నేర్చుకోలేదు. దీనికి చెట్టు కావాలి, గాలి కావాలి, ఆకు కొమ్మకే ఉండాలి. మా ఊళ్లో చేసేది ఇదీ: మోదుగ ఆకుతో దొప్ప కుట్టి, పురుగులున్న కాగితాన్ని అందులో పెట్టి, లేత చిగురున్న మద్ది కొమ్మకు తుమ్మ ముల్లుతో గుచ్చుతారు. గంటలో పురుగులు తమంతట తామే ఆకు మీదికి ఎక్కేస్తాయి. మనిషి ఎత్తు మద్ది మొక్క ఒకటి చూసుకుని, పాత దోమతెర దాని మీద వదులుగా కప్పి, మొక్క మొదలు దగ్గర నేలకు ఆనేలా కట్టండి. కట్టేముందు కొమ్మలు ఒకటికి రెండుసార్లు దులపండి. తెర లోపల సాలీడో చీమల గూడో ఉండిపోతే పురుగుల్ని వాటి చేతికే అప్పగించినట్టవుతుంది.

ప్రశ్న: వందకు పైగా ఎక్కించాం. ఇప్పుడు ఆకుపచ్చగా మారాయి. నాలుగు రోజులు బాగా తిన్నవి నిన్నటి నుంచి కదలడం లేదు. తల పైకెత్తి, దేవుడికి దండం పెట్టినట్టు ఉండిపోయాయి. రోగం వచ్చిందా?

జవాబు: జ్వరం వచ్చిందమ్మా. కంగారు పడకండి, పట్టుపురుగులు పెంచేవాళ్లు ఈ స్థితిని జ్వరం అనే పిలుస్తారు. పురుగు పెరుగుతుంది, దాని చర్మం పెరగదు. బిగుతైన పాత తోలు వదిలించుకోవడానికి అది తిండి మానేసి, కాళ్ల కింద కాస్త పట్టు అల్లుకుని ఆకును గట్టిగా పట్టుకుని, తల ఎత్తి ఉండిపోతుంది. లోపల కొత్త తోలు సిద్ధం కాగానే తల వెనుక పాతది చిట్లుతుంది, పురుగు ముందుకు పాకుతూ బయటపడుతుంది. ఇలా నాలుగు జ్వరాలు, ఐదు దశలు. జ్వరంలో ఉన్న పురుగును ఎట్టి పరిస్థితిలోనూ ఆకు మీది నుంచి లాగవద్దు. పట్టు సడలితే తోలు వదిలించుకోలేక చచ్చిపోతుంది. కొమ్మ మార్చాలంటే జ్వరం లేచి, మళ్లీ తినడం మొదలుపెట్టాకే మార్చాలి.

రెండో జ్వరం దాటాక చూడండి, అసలు అందం అప్పుడు మొదలవుతుంది. లేత మద్దాకు పచ్చ ఒళ్లు, వీపు మీద వరసగా చిన్న బుడిపెలు, వాటి కొసన ఊదా రంగు, ఒక్కో బుడిపె మీద నాలుగైదు వెంట్రుకలు. పక్కల వెండి చుక్కలు. బాబు వాటిని నీటి బొట్లనుకుని తుడవబోతాడు. తుడవనివ్వండి, పోవు. ఆకు మీది మంచుబొట్టులా మెరుస్తాయి. ఈ చుక్కల వల్లే ఎండలో పెద్ద పురుగు కూడా ఆకుల మధ్య మన కంటికి ఒక పట్టాన దొరకదు. కొన్ని పసుపు రంగులో, ఎక్కడో ఒకటి నీలం రంగులో కూడా వస్తాయి. మా నాయన చేతికి నీలం పురుగు దొరికిన ఏడు మా ఇంట్లో రెండు రోజులు అదే ముచ్చట.

ఆకలి గురించి కూడా చెప్పాలి. పుట్టినప్పుడు పది మిల్లీగ్రాములు తూగని జీవి చివరికి ముప్పై, నలభై గ్రాములు తూగుతుంది, బారు మన అరచేతిని దాటుతుంది. అంటే పుట్టిన బరువుకు మూడు వేల రెట్లకు పైన. జీవితం మొత్తంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ల దాకా చివరి దశలోనే తింటుంది. అప్పుడు చెట్టు కింద నిలబడితే ఆకు కొరుకుతున్న చప్పుడు చిన్న వానలా వినిపిస్తుంది. కింద రాలే పెంటికలు చూసే పురుగు ఏ కొమ్మ మీద ఉందో కనిపెడతారు. మీ ఒక్క మొక్క చాలదు, పక్కన ఇంకో రెండు చూసి పెట్టుకోండి.

ప్రశ్న: మూడో జ్వరం దాటాక తెర తీసేశాం, చెట్టు సరిపోలేదు. వంద ఉన్నవి ఇప్పుడు ముప్పై ఒకటి. కాకులు ఎత్తుకుపోయాయి, ఎర్రచీమలు లాగేశాయి. మిగిలినవన్నీ దాదాపు ఒకే సైజులో ఉన్నాయి, కానీ నాలుగైదు పురుగుల ఒంటి మీద నల్ల మచ్చలు వచ్చాయి. బాబు రోజూ లెక్క రాస్తున్నాడు, సంఖ్య తగ్గినప్పుడల్లా అన్నం తినడం లేదు. మేం ఏం తప్పు చేశాం?

జవాబు: మీ తప్పేమీ లేదమ్మా. వందలో ముప్పై మిగలడం అంటే మీరు బాగా కాచినట్టే. అడవిలో మనిషి కాపలా లేకుండా ఇంతకంటే చాలా తక్కువ మిగులుతాయి. రెండు వందల దాకా గుడ్లు పెట్టడం ఈ నష్టాన్ని తట్టుకోవడానికే. దసలి రైతుకు ఈ నెల రోజులూ పని అంటే కాపలాయే. తెల్లవారకముందే మద్ది తోటకు చేరాలి, కాకులు నిద్రలేచేది అప్పుడే. మా నాయన ఒడిసెలతో రాళ్లు విసిరేవాడు, అమ్మ డబ్బా కొట్టేది. బడి లేని రోజుల్లో నా పని కందిరీగల్ని చూడడం. ముక్కు పొడవున్న ఒక రకం నల్లి ఉంటుంది, అది పురుగును గుచ్చి రసం పీల్చేస్తుంది. పురుగు బయటికి బాగానే కనిపిస్తుంది, ముట్టుకుంటే ఖాళీ తిత్తి. అది చూసిన మొదటిరోజు నేనూ అన్నం తినలేదు. బాబుకు ఆ మాట చెప్పండి.

నల్ల మచ్చలు ఊజీ ఈగవి. ఇంటి ఈగ కంటే పెద్దది, వీపు మీద చారలు. పురుగు ఒంటి మీద గుడ్డు అంటించి పోతుంది. గుడ్డు పగిలి ఈగ పిల్ల తోలులోంచి లోపలికి తొలుచుకుపోతుంది, దూరిన చోట నల్లగా మచ్చ పడుతుంది. లోపల కొవ్వును తింటూ పెరుగుతుంది. మచ్చ ఉన్న పురుగు ఒక్కోసారి పట్టుకాయ కూడా కడుతుంది, కానీ అందులోంచి సీతాకోక రాదు. కాయకు చిన్న గుండ్రటి బెజ్జం చేసుకుని ఈగ పిల్ల బయటికి వచ్చి, నేలలోకి పోతుంది. మచ్చ ఉన్న పురుగుల్ని వేరే కొమ్మకు మార్చి, దానికి మాత్రం తెర కట్టి ఉంచండి. బయటపడ్డ ఈగ పిల్లలు నేలలోకి దిగకుండా తెర కింద ఒక పళ్లెం పెట్టండి.

వీటన్నిటికంటే మా ఇంటిని దెబ్బ తీసిన శత్రువు కంటికి కనిపించదు. దాని పేరు పెబ్రిన్. ఒకే కణం ఉన్న పరాన్నజీవి, నొసెమా అనే జాతి. తల్లి ఒంట్లో ఉంటే గుడ్డులోకే చేరిపోతుంది, అదే దీని ఘోరం. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు మంచి ధర పలుకుతుందన్న ఆశతో మా నాయన పరీక్ష చేయని గుడ్లు కొన్నాడు. పురుగులు పుట్టాయి, తిన్నాయి, కానీ సమంగా పెరగలేదు. ఒకటి వేలెడు, పక్కది గోరంత. మూడో జ్వరం నాటికి చెట్ల కింద రాలి ఉన్నాయి. ఆ పంటలో ఒక్క బుట్ట కాయలు కూడా రాలేదు. ఆ ఏడు మా అక్క పెళ్లి ఆగింది.

ఫ్రాన్స్‌లో మల్బరీ పురుగులకు ఇదే రోగం వచ్చి పట్టు పరిశ్రమ కుప్పకూలినప్పుడు లూయీ పాశ్చర్ 1865లో పని మొదలుపెట్టి దాదాపు ఐదేళ్లు దీని మీదే గడిపాడు. ఆయన చెప్పిన ఉపాయం ఇవాళ్టికీ నడుస్తోంది. ఒక్కో తల్లి గుడ్లను విడివిడిగా ఉంచాలి. గుడ్లు పెట్టిన తల్లిని నూరి, ఆ రసాన్ని మైక్రోస్కోపు కింద చూడాలి. ఆ పరాన్నజీవి బీజాలు, కోలగా మెరుస్తూ, కనిపిస్తే ఆ తల్లి గుడ్లన్నీ కాల్చేయాలి. కాలేజీలో మైక్రోస్కోపు నా చేతికి వచ్చిన మొదటి ఏడే దసలి తల్లిని నూరి, ఆ బీజాల కోసం గంటలకొద్దీ చూశాను. ఎవరైనా గుడ్లు అమ్మితే రోగం లేదని పరీక్ష చేసినవేనా అని అడగండి. ఈ మాట ఎన్నిసార్లయినా రాస్తాను. మీ పురుగులన్నీ దాదాపు ఒకే సైజులో ఉన్నాయని రాశారు కదా, వాటికి ఆ రోగం లేనట్టే అనుకోవచ్చు.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): పట్టు చైనా నుంచి వచ్చింది కదా. దసలి పురుగు కూడా అలాగే తెచ్చిందేనా, మన నేలదేనా?

జవాబు: మన నేలదే బాబూ. చైనా నుంచి ప్రపంచమంతా పాకింది మల్బరీ పురుగు. దాని రెక్కల పురుగు ఎగరలేదు కూడా, మనిషి లేకపోతే ఆ జాతి లేదు. దసలి ఇప్పటికీ అడవి జీవి. సింధు నాగరికత నాటి హరప్పా, చన్హుదారో ఊళ్ల తవ్వకాల్లో దొరికిన పోగుల్ని పరీక్షించి, అవి ఆంథీరియా జాతి అడవి పట్టు అని 2009లో అచ్చయిన పరిశోధన తేల్చింది. వాటి కాలం సుమారు క్రీ.పూ. 2450 నుంచి 2000 మధ్య. ఈ పురుగుకు మైలిట్టా అనే శాస్త్రనామం పెట్టింది ఇంగ్లండ్‌కు చెందిన డ్రూ డ్రూరీ, 1773లో. ఆ తర్వాత దీని బతుకును వివరంగా రాసి 1804లో లండన్ లినియన్ సొసైటీ సంపుటంలో అచ్చు వేయించినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన రాసింది బెంగాల్ పురుగుల గురించి. కలకత్తా వెళ్లకముందు చాలా ఏళ్లు మన సామర్లకోటలో పనిచేశాడు. మన అడవుల్లో ఉండే రకాన్ని శాస్త్రవేత్తలు ఆంధ్ర లోకల్ అంటారు. కాయ చిన్నది, కానీ గట్టిది. ఏడాదికి మూడు తరాలు. ఈ రకం బతకాలంటే మద్ది అడవి ఉండాలి, అక్కడే కాయలు కొన్ని కోయకుండా వదిలే అలవాటు ఉండాలి.

ప్రశ్న (అదే ఇంటి నుంచి): టీచర్ గారూ, ఇరవై నాలుగు కాయలు! ముందు పురుగులు తినడం మానేసి నీళ్లలా విసర్జించాయి, మళ్లీ రోగమని భయపడ్డాం. తర్వాత ఆకులు దగ్గరికి లాక్కుని కట్టుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు కొమ్మకు ఉంగరం తొడిగి, కాడతో వేలాడే గుడ్లలా ఉన్నాయి. నొక్కితే నొక్కుపడడం లేదు. చెవి దగ్గర ఊపితే లోపల ఏదో కదులుతోంది.

జవాబు: ఉంగరం అన్నారే, ఆ మాట చాలా నచ్చింది. పురుగు మొదట చేసేది అదే. కడుపు ఖాళీ చేసుకుని, కొమ్మ చుట్టూ పట్టుతో ఉంగరం, దాని నుంచి కాడ, ఆ కాడకు కాయ. మద్ది ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. కాయను ఆకుకే కట్టి ఉంటే ఆకుతో పాటు నేల రాలి చెదల పాలయ్యేది. కొమ్మకు ఉంగరం తొడిగింది కాబట్టి చెట్టు మోడైనా కాయ ఊగుతూనే ఉంటుంది. తల ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ, నాలుగైదు రోజులు ఆగకుండా కొన్ని వందల మీటర్ల దారం ఒకే పోగుగా లోపలి నుంచి అల్లింది. తర్వాత తన ఒంట్లోంచి వదిలిన ద్రవంతో గోడను తడిపి గట్టిపరిచింది. అందుకే నొక్కు పడదు.

ఊపితే కదిలేది ప్యూపా, అంటే పురుగు సీతాకోకగా మారుతున్న దశ. కాయ బరువుగా ఉండి లోపల మెత్తగా తగిలితే బతికి ఉంది. తేలిగ్గా ఉండి గలగలమంటే ఎండిపోయింది. ఎక్కువ ఊపవద్దని బాబుకు చెప్పండి. ఈ వానాకాలపు కాయలోంచి మూడు నాలుగు వారాల్లో సీతాకోక వస్తుంది. అదే చలికాలం ముందు కట్టిన కాయ అయితే పగటి పొద్దు తగ్గిన సంగతి పురుగుకు ముందే తెలిసిపోయి, లోపలి ప్యూపా నిద్రలోకి పోతుంది. చలి, ఎండాకాలం రెండూ దాటి, మృగశిర కార్తెలో గాలి తేమ తగిలాకే కదులుతుంది. మీ వాకిట్లో మొదటి వాన రాత్రి వాలింది అలా ఆరేడు నెలలు పడుకుని లేచినదే.

ప్రశ్న (జగిత్యాల నుంచి ఒక పాఠకురాలు): దసలి చీర కొందామనుకున్నాను. పురుగును చంపి పట్టు తీస్తారని విని ఆగిపోయాను. నిజమేనా?

జవాబు: నిజమేనమ్మా. సీతాకోక బయటికి వచ్చిన కాయలో దారం పొరలు చెదిరిపోతాయి, ఒకే పోగుగా తీయడం కష్టం. అందుకే కాయకు ఆవిరి పట్టి లోపలి ప్యూపాను చంపుతారు, తర్వాత సోడా నీళ్లలో ఉడికించి పోగు తీస్తారు. గుడ్ల కోసం ఉంచిన కాయలు మాత్రం సీతాకోక వెళ్లిపోయాక మిగులుతాయి. వాటిని, కాడల్ని పత్తిలా వడికి నూలు తీస్తారు. ఆ బట్ట గరుకుగా, మందంగా ఉంటుంది. అలాంటిది కావాలంటే చేనేత సంఘంలో వడికిన దసలి అని అడగండి. నేను మొదటి రకం డబ్బుతోనే చదువుకున్నాను. మద్ది చెట్టుకు ఆదాయం ఉన్నంతకాలం మా ఊళ్లో ఎవరూ దాన్ని నరకలేదు. ఇవి రెండూ తెలిసి మీరు నిర్ణయించుకోండి.

ప్రశ్న (మళ్లీ ఆ ఇంటి నుంచి, బాబు రాత): టీచర్ గారూ కాయలు అట్టపెట్టెలో పెట్టి ఇంట్లో దాచుకోవచ్చా? బయటికి వచ్చేటప్పుడు చూడాలి.

జవాబు: బాబూ, పెట్టెలో వద్దు. సీతాకోక బయటికి వచ్చినప్పుడు దాని రెక్కలు తడిసిన కాగితంలా ముడుచుకుని ఉంటాయి. అది వెంటనే ఎక్కడో ఒకచోట పట్టుకుని వేలాడాలి. వేలాడుతూ ఒంట్లోని ద్రవాన్ని రెక్కల్లోకి నెట్టి, వాటిని విప్పుకుంటుంది. పెట్టెలో పట్టు దొరకకపోతే రెక్కలు అలాగే ముడుచుకుని ఆరిపోతాయి, ఇక ఎప్పటికీ ఎగరలేదు.

నీకు నాలుగు కాయలు చాలు. మిగతా ఇరవై చెట్టుకే ఉండనీ. ఆ నాలుగింటిని కాడ పైకి ఉండేలా తాడుకు గుచ్చి, వాకిట్లో గాలి తగిలే చోట, ఎండా వానా పడకుండా, చీమలు ఎక్కకుండా వేలాడదియ్యి. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళ కాడ దగ్గర చూడు. ఒకరోజు అక్కడ తడిగా మరక కనిపిస్తుంది. లోపలున్నది ఒక ద్రవం వదిలి, దారాలను అంటించి ఉంచిన బంకను కరిగిస్తోందని గుర్తు. తర్వాత దారాలను పక్కకు నెట్టుకుంటూ తల బయటికి వస్తుంది. సాయం చేస్తానని చేత్తో లాగకు, అది నెమ్మదిగానే రావాలి.

మీసం సన్నగా ఉంటే ఆడది. ఆ రాత్రి దాన్ని తాడు మీదే ఉండనిచ్చి, వాకిట్లో లైటు వెయ్యవద్దని అమ్మకు చెప్పు. తెల్లవారుజామున నానమ్మను కూడా లేపి, చప్పుడు చేయకుండా వెళ్లి చూడండి. మగది వచ్చి ఉంటే ఇద్దరూ తోకలు కలిపి కదలకుండా వేలాడుతూ ఉంటారు. ఆడది ఎన్ని గుడ్లు పెట్టిందో లెక్కపెట్టి నాకు రాయి.